ఎర్రగిత్తకి తలంటు

అనగా అనగా, కాలవ ఒడ్డున ఒక ఊళ్ళో, రాజూ లేడు, రాణీ లేదు, ఒక ట్రాక్టరు ఉండేది.

ట్రాక్టరు కథేంటని నవ్వకు బంగారూ. నువ్వు నవ్విస్తే నేను పేర్లు మర్చిపోతాను. ఈమధ్య పేర్లు పిచ్చుకల్లా ఎగిరిపోతున్నాయి, వాలినప్పుడే పట్టుకోవాలి. ఇలా దగ్గరికి జరుగు. కాళ్ళ మీదికి దుప్పటి లాక్కో. ఊఁ కొడుతూ ఉండు.

ఆ ట్రాక్టరు పేరు ఎర్రగిత్త. దాన్ని కొన్నాయన పేరు కోదండం. ఆయన భార్య పేరు పేరంటాలమ్మ. చూశావా, అన్నీ గుర్తున్నాయి.

అంతకుముందు కోదండానికి ఎద్దుల జత ఉండేది. అందులో ఎర్రగిత్త అంటే ఆయనకి ప్రాణం. అది ముసలిదై పోయాక ఆయన ఇంకో ఎద్దు తేలేదు, ట్రాక్టరు తెచ్చాడు. అది కూడా ఎర్రగానే ఉంది. అప్పుడు పాత పేరే దానికి పెట్టేశాడు. ఏరువాక పున్నమి నాడు అందరూ ఎడ్ల కొమ్ములకి రంగులు వేస్తుంటే, కోదండం ట్రాక్టరు ముఖానికి పసుపు రాసి బొట్టు పెట్టేవాడు. ఊళ్ళో వాళ్ళు, "ఏం కోదండం, గడ్డి కూడా వేస్తావా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. "తింటే ఎందుకు వెయ్యను?" అనేవాడు ఆయన.

దమ్ము చేసే రోజుల్లో చూడాలి దాన్ని. పొలమంతా మోకాలి లోతు నీళ్ళు. ఎర్రగిత్తకి ఇనప చక్రాలు తగిలించి దింపేవాడు. అది గుడగుడమంటూ బురదని పాయసంలా కలిపేసేది. వెనకాల కొంగలు తెల్లగా బారులు తీరి నడిచేవి. మధ్యాహ్నం పేరంటాలమ్మ గట్టు మీదికి అన్నం తెచ్చేది. ఆయన ఇంజను ఆపేవాడు కాదు. ఆపితే మళ్ళీ ఎక్కడ మొరాయిస్తుందోనని భయం. ఆ చప్పుడులోనే అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళు. "పప్పులో ఉప్పెక్కువైందే!" అని ఆయన అరిస్తే, పక్క చేల్లో వాళ్ళందరికీ వినపడేది.

దమ్ములు అయిపోయాక ఎర్రగిత్తకి విశ్రాంతి. దాన్ని పడుకోబెట్టేముందు కోదండం మూడు పనులు చేసేవాడు. మొదట కాలవ నీళ్ళతో బురదంతా కడిగేవాడు. అప్పుడు ఎలకలు చేరకుండా షెడ్డులో వేపాకు పొగ వేసేవాడు. ఆ తర్వాత ఇంజను నెత్తిమీదున్న, డీజిలు చిమ్మే నాజిల్సు విప్పి, ఆ కన్నాల్లో కాస్త ఇంజను ఆయిలు పోసేవాడు. పేరంటాలమ్మ పక్కన నిలబడి స్పానర్లు అందించేది. ఏ నట్టుకి ఏ స్పానరో ఆయన అడక్కముందే ఆవిడ చేతిలో ఉండేది.

"ఇదెందుకండీ?" అని ఒకసారి అడిగింది.

"పనిలేకుండా పడుంటే లోపల ఎండిపోతుందే. ఎండితే తుప్పు తినేస్తుంది," అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి ఉంది బంగారూ, జాగ్రత్తగా విను. ఆయిలు పోశాక ఆయన ఇంజనుని చేత్తో ఒకటి రెండు చుట్లు తిప్పేవాడు, ఆయిలు అంతటా పాకాలని. ఆ తిప్పడం పేరంటాలమ్మ ఎప్పుడూ చూడలేదు. ఆ సమయానికి ఆవిడ అన్నం వడ్డించడానికి ఇంట్లోకి వెళ్ళిపోయేది.

కొన్నాళ్ళకి కోదండం పోయాడు. అయ్యో అనకు. నిండుగా బతికి వెళ్ళాడు. వాళ్ళబ్బాయి భాస్కరం సేద్యం చూసుకున్నాడు. భాస్కరం కొత్త ట్రాక్టరు తెచ్చాడు, అది నీలంది. అప్పుడు ఎర్రగిత్త షెడ్డులో మూలకి జరిగింది. దాని మీద మొదట ఖాళీ గోతాలు ఎక్కాయి. ఆ తర్వాత పిడకలు ఎక్కాయి. ఆ తర్వాత ఒక కోడి ఎక్కి, డ్రైవరు సీటులో దర్జాగా గుడ్లు పెట్టింది. టైర్లలో గాలి పోయింది. ఎరుపంతా వెలిసిపోయి ఇటికరాయి రంగుకి వచ్చింది.

పేరంటాలమ్మకీ వయసు మీద పడింది. ఆవిడకి మరుపు మొదలైంది. కూరలో ఉప్పు వేసి, వెయ్యలేదనుకుని మళ్ళీ వేసేది. కోడలు స్వరాజ్యాన్ని పట్టుకుని తన చెల్లెలి పేరుతో పిలిచేది. కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు వెతికేది. మొదట్లో అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. కొన్నాళ్ళయ్యాక ఆవిడ నవ్వడం మానేసింది. అదెలా ఉంటుందో నీకు తెలీదు తల్లీ. మన ఇంట్లోనే మనం చీకట్లో తడుముకుంటున్నట్టు ఉంటుంది.

కానీ ఒక విచిత్రం. మధ్యాహ్నం పూట ఆవిడ షెడ్డులోకి వెళ్ళి, పాత రోలు బోర్లించుకుని, ఎర్రగిత్త పక్కన కూర్చునేది. అక్కడ కూర్చుంటే అన్నీ గుర్తొచ్చేవి. కోదండం దగ్గు గుర్తొచ్చేది. ఏ ఏడు ఏ చేలో ఏ వరి వేశారో గుర్తొచ్చేది. ఆయన గొంతు చెవిలో పలికేది. అక్కణ్ణించి లేచి ఇంట్లోకి వస్తే మళ్ళీ పొగలా పోయేవి. అందుకని ఆవిడ ఎండైనా వానైనా అక్కడికి వెళ్ళడం మానేది కాదు.

ఒకరోజు భాస్కరం అన్నాడు, "అమ్మా, వరి కోసే మిషను తెస్తున్నాను. షెడ్డులో చోటు కావాలి. సంత రోజున పాత ఇనప సామాన్ల బండి వస్తుంది. ఎర్రగిత్తని వేసేద్దాం."

పేరంటాలమ్మ, "సరే, వేసెయ్. నన్ను కూడా అదే బండి ఎక్కించు. ముక్కలు చెయ్యడానికి నాలో ఇనుము లేదని వాళ్ళు దింపేస్తే నడిచి వస్తాను," అంది.

"అదేం మాటమ్మా! అది కదలదు, మెదలదు. దాన్ని పెట్టుకుని ఏం చేస్తాం?"

"నేను మాత్రం కదులుతున్నానా? నన్ను పెట్టుకోలేదూ?"

స్వరాజ్యం తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. ఆ పిల్ల నెమ్మదస్తురాలు కానీ మాట మాత్రం సూటిగా ఉండేది. "ఏవండీ, తల్లీ కొడుకులు పోట్లాడుకుంటే ఇంజను నడవదు. మెకానిక్ కరీముల్లాకి చూపించండి. పనికొస్తుందంటే ఉంచుదాం. పనికిరాదంటే అత్తయ్యకి నేను నచ్చజెప్తాను," అంది. అప్పుడు ఇద్దరూ ఒప్పుకున్నారు.

కరీముల్లా వచ్చాడు. చిన్నప్పుడు కోదండం దగ్గరే ట్రాక్టరు తోలడం నేర్చుకున్నవాడు. కోడిని లేపి, పిడకలు దింపి, చుట్టూ తిరిగి చూశాడు. "టైర్లు పోతే వేసుకోవచ్చు. రేకులు చిల్లులు పడితే అతికించొచ్చు. వైర్లు ఎలకలు కొరికితే మార్చొచ్చు. ఇంజను మాత్రం ఒక్క చుట్టు తిరగాలి పెద్దమ్మా. తిరిగిందా, మిగతాది నా పూచీ. తిరగలేదా, లోపల తుప్పు తినేసినట్టే. అప్పుడు ఎవడూ ఏం చెయ్యలేడు," అన్నాడు.

"తిరిగితే ఉంచుతాను. ఇదే నా మాట," అన్నాడు భాస్కరం.

పేరంటాలమ్మ రోలు మీద కూర్చుని కొంగు బిగించుకుంది. ఊఁ అంటున్నావా, నిద్రపోయావా? ఆఁ, అంటున్నావు. సరే.

మొదట కరీముల్లా ఇంజను ముందున్న పెద్ద నట్టుకి స్పానరు తగిలించి లాగాడు. కదల్లేదు.

అప్పుడు స్పానరుకి పొడుగాటి గొట్టం తొడిగి, భాస్కరాన్నీ పక్కింటి ఇద్దరినీ పిలిచి, "హైలెస్సా" అని అందరూ కలిసి లాగారు. గొట్టం వంకర తిరిగిపోయి, నలుగురూ ఒకరి మీద ఒకరు పడ్డారు. కోడి అరుచుకుంటూ పారిపోయింది. ఇంజను కదల్లేదు.

ఆ తర్వాత నాజిల్సు విప్పాలన్నాడు. స్పానర్ల డబ్బాలో వెతుకుతున్నాడు. ఈలోపల పేరంటాలమ్మ చెయ్యి చాచి ఒక స్పానరు తీసి అందించింది. సరిగ్గా అదే. ఆవిడకే ఆశ్చర్యం వేసి తన చెయ్యి తను చూసుకుంది. కరీముల్లా ఆ కన్నాల్లో కిరసనాయిలు పోసి, "తెల్లారేదాకా నాననిద్దాం," అని వెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చి లాగాడు. ఇంజను ససేమిరా అంది.

భాస్కరం తువ్వాలు దులుపుకుని, "ఇంక చాలు కరీమూ," అన్నాడు.

కరీముల్లా ఒక సన్నటి కడ్డీ కన్నంలోకి పెట్టి తీశాడు. దాని చివర బెల్లం పాకంలాంటిది ముద్దగా అంటుకుని వచ్చింది. "ఇదేంటి? తుప్పు ఇలా ఉండదే. కిరసనాయిలుకీ కరగలేదు. ఇంజన్లో జీళ్ళు చేశారా ఏంటి?" అన్నాడు.

స్వరాజ్యం వచ్చి వాసన చూసింది. వెంటనే ముక్కు ముడిచింది. "ఇది ఆముదం! మనింటి వంటాముదం!"

"ఇంజన్లో ఆముదం ఎవడు పోస్తాడు?" అని భాస్కరం కేకలు వేశాడు. "ఊళ్ళో ఏ తిక్కవెధవో..."

"నేనేరా ఆ తిక్కవెధవని," అంది పేరంటాలమ్మ.

అందరూ తిరిగి చూశారు. ఆవిడ ఎర్రగిత్త మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. అక్కడ కూర్చుంటే అన్నీ గుర్తొస్తాయని చెప్పానుగా. అలా ఒక్కొక్కటీ గుర్తొచ్చింది.

కోదండం పోయిన ఏడు, దమ్ముల కాలం అయిపోయాక ఆవిడ షెడ్డులోకి వచ్చింది. ఆయన లేడు కాబట్టి ఆయన పని తనే చెయ్యాలనుకుంది. కడిగింది, పొగ వేసింది, నాజిల్సు విప్పింది. ఆయిలు డబ్బా చూస్తే ఖాళీ. ఇంట్లో ఏముంది? వంటాముదం ఉంది. ఆముదం గింజలు వేయించి, దంచి, నీళ్ళల్లో ఉడికించి, పైకి తేలింది తేలినట్టు గరిటెతో తీసి, తనే వండింది. ఆ రోజుల్లో ఆముదం లేని పని లేదు. దీపానికి అదే, పసిపిల్లల మాడుకి అదే, బండి ఇరుసుకి పూసే కందెనలోనూ అదే. బండెడు బరువు మోసే ఇరుసుకి మంచిదైతే, ఇంజనుకి మంచిది కాదా? అలా పోసింది. అలా ఏటేటా పోసింది. తిప్పాలని మాత్రం తెలీదు. ఏనాడూ చూడలేదుగా మరి. ఆ తర్వాత మరుపొచ్చింది. పొయ్యడం మర్చిపోయింది, పోసిన సంగతీ మర్చిపోయింది.

"అమ్మా! ఇంజన్లో ఆముదమా!" అన్నాడు భాస్కరం నెత్తి పట్టుకుని.

"ఏరా, నీ మాడుకి పోస్తే నువ్వు నడవలేదా?" అంది ఆవిడ. అంతలో ఆవిడ ఎర్రగిత్త మీంచి చెయ్యి తీసేసింది. "అయితే కరీమూ, దాన్ని పట్టేసేలా చేసింది నేనేనా? కాపాడుతున్నాననుకుంటూ నా చేత్తో నేనే చంపుకున్నానా?"

కరీముల్లా కడ్డీ తుడిచి పక్కన పెట్టాడు. భాస్కరం ఈసారి కసరలేదు. పేరంటాలమ్మ లేచి, గోడ పట్టుకుని, ఇంటి వైపు నడవబోయింది.

స్వరాజ్యానికి అత్తగారిని అలా చూడబుద్ధి కాలేదు. ఎలాగైనా నవ్వించాలనుకుంది. "దానికంత దిగులెందుకు అత్తయ్యా? ఆముదం జిడ్డేగా! వేణ్ణీళ్ళు కాచి తలంటు పోసేద్దాం. కుంకుడుకాయలు కొట్టనా?" అంది.

పక్కింటివాళ్ళు పకపకా నవ్వారు. కరీముల్లా కూడా నవ్వబోయి ఆగిపోయాడు. "ఏమన్నావక్కా?"

"ఊరికే అన్నాను కరీమూ."

"ఊరికే కాదు, ఉండుండు. లోపల నీళ్ళు పొయ్యకూడదు. కానీ ఇంజను చుట్టూ నీళ్ళు తిరిగే దారి ఉంది కదా, రేడియేటర్లోంచి. అందులో వేణ్ణీళ్ళు పోస్తే గోడలు వేడెక్కుతాయి. గోడలు వేడెక్కితే లోపల గడ్డకట్టిన జిడ్డు మెత్తబడుతుంది!"

"అయితే మరిగే నీళ్ళు పట్రండి!" అన్నాడు భాస్కరం.

"ఆగరా!" అని పేరంటాలమ్మ వెనక్కి తిరిగింది. ఇప్పటిదాకా దిగులుపడిన గొంతు కాదది. "పసిబిడ్డకి మొదటి చెంబే మరిగే నీళ్ళు పోస్తారట్రా? చల్లబడి రాయిలా ఉంది అది. ఒక్కసారి పోస్తే పగులుతుంది. ముందు గోరువెచ్చగా. అప్పుడు వేడిగా. ఆ తర్వాత సలసలా. ఎంతమందికి పోశాననుకున్నావు నీళ్ళు? నాకు చెప్పకండి."

"పెద్దమ్మ చెప్పినట్టే కానివ్వండి," అన్నాడు కరీముల్లా. "ఇనుము కూడా అంతే."

పెరట్లో పెద్ద కాగు పొయ్యి ఎక్కింది. స్వరాజ్యం కొబ్బరి మట్టలు ఎగదోసింది. పేరంటాలమ్మ వేలు ముంచో, ఆవిరి చూసో, "ఊఁ, ఇప్పుడు తియ్యండి," అనేది. మొదటి కాగు గోరువెచ్చగా పోశారు. రేడియేటరు గొట్టం దగ్గర కారిపోతుంటే ఆవిడ తన పాత చీర చింపి గట్టిగా కట్టు కట్టించింది. ఆ నీళ్ళు వదిలేసి, రెండో కాగు వేడిగా పోశారు. అవీ వదిలేసి, మూడో కాగు పొగలు కక్కుతూ పోశారు. ఇంజను మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటోంది. షెడ్డంతా ఆవిరి. ఆ ఆవిరిలో ఆముదం వాసన, పురిటింటి వాసనలా.

కరీముల్లా నట్టుకి స్పానరు తగిలించాడు. "లాగనా పెద్దమ్మా?"

"లాగకు. అటూ ఇటూ ఊపు. బుజ్జగించు," అంది.

అతను ఊపాడు. ఏం లేదు. మళ్ళీ ఊపాడు. ఏం లేదు. భాస్కరం ఇంజను మీదికి వంగి ఆ కన్నాల్లోకి తొంగి చూస్తున్నాడు. మూడోసారి ఊపాడు.

లోపల ఎక్కడో "మ్‌మ్‌" అని మూలిగినట్టయింది. స్పానరు జానెడు జరిగింది. ఇంకో జానెడు, అలా చుట్టంతా జరిగింది. అప్పుడు ఎర్రగిత్త పెద్దగా ఊపిరి వదిలింది, "హుఫ్" అని! కన్నాల్లోంచి ఆముదం ఎగిరి భాస్కరం ముఖమంతా పడింది. ముక్కు మీదా, మీసాల మీదా, కొత్త చొక్కా మీదా.

"తిరిగింది! చుట్టు తిరిగింది!" అని కరీముల్లా గంతులు వేశాడు. స్వరాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది. భాస్కరం కళ్ళు తుడుచుకుంటే, అవి ఆముదం వల్ల మండి నీళ్ళు కారాయో, ఇంకెందుకు కారాయో, నాకు తెలీదు.

కరీముల్లా టార్చిలైటు వేసి కన్నంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. "పెద్దమ్మా, తుప్పు లేదు. గోడలు అద్దంలా ఉన్నాయి. తిప్పుంటే పట్టేసేది కాదు, అది నిజం. కానీ నువ్వు ఆముదం పొయ్యకపోయుంటే ఈపాటికి ఇనుము పొట్టులా రాలేది," అన్నాడు.

పేరంటాలమ్మ రోలు మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆ "హుఫ్" అన్న చప్పుడు మళ్ళీ వినపడుతుందేమో అన్నట్టు చూస్తూ ఉండిపోయింది.

సంత రోజున పాత ఇనప సామాన్ల బండి రానే వచ్చింది. భాస్కరం ఆ వంకర తిరిగిన గొట్టం ఇచ్చి పంపించేశాడు. వరి కోసే మిషను కోసం పెరటి వైపు ఒక పందిరి వేయించాడు.

ఎర్రగిత్త మళ్ళీ పొలంలోకి దిగిందా అంటావా? తొందరపడకు. ఒక్క చుట్టు తిరిగితే అయిపోతుందా? డీజిలు ట్యాంకు కడగాలి, గొట్టాలు మార్చాలి, టైర్లు వెయ్యాలి. అసలు పని అప్పుడే మొదలైంది. కరీముల్లా తీరిక దొరికినప్పుడల్లా వచ్చి ఒక్కో ముక్కా విప్పి, తుడిచి, గోతం మీద పరిచేవాడు. భాస్కరం కూడా పక్కన కూర్చుని తుడిచేవాడు.

పేరంటాలమ్మకి మరుపు తగ్గిందా అంటావా? లేదు తల్లీ. అది తగ్గేది కాదు. ఒకరోజు పొద్దున్నే ఆవిడ షెడ్డులోకి వచ్చి, విప్పిన ముక్కలు చూసి, "ఎవర్రా ఎర్రగిత్తని ఇలా విప్పేసింది?" అంది. ఇప్పుడు షెడ్డులో కూడా మరుపు వస్తోందన్నమాట. భాస్కరం చేతిలో గుడ్డ కింద పెట్టాడు. తల్లి కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని మొదట్నించీ చెప్పాడు. గొట్టం వంగిపోయింది, అందరూ కింద పడ్డారు, కోడి పారిపోయింది, పాకం బయటికొచ్చింది.

"ఆముదమా! ఎవరు పోశార్రా?" అంది ఆవిడ.

"నువ్వేనమ్మా."

"నేనా! ఇంజన్లో ఆముదమా! ఓరి నా తెలివీ!" అని ఆవిడ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వడం మానేసిందని చెప్పానే, ఆవిడే.

ఆ మర్నాడు మళ్ళీ అడిగింది. భాస్కరం మళ్ళీ చెప్పాడు. అతను ఊళ్ళో లేని రోజున స్వరాజ్యం చెప్పింది. స్వరాజ్యానికి తీరిక లేని రోజున కరీముల్లా చెప్పాడు, కాస్త ఉప్పూ కారం కలిపి. ఎవరు చెప్పినా పేరంటాలమ్మ అప్పుడే వింటున్నట్టు వినేది, ఆముదం దగ్గరికి రాగానే నవ్వేది. ఆవిడ మర్చిపోయింది ఏదైనా సరే, ఆ ఇంట్లో ఎవరో ఒకరు దాచిపెట్టి ఉంచేవాళ్ళు.

అంతే తల్లీ కథ. రేపు నేను ఇదే కథ మొదట్నించీ ఎత్తుకున్నాననుకో, "నిన్నే చెప్పావు కదా" అనకు. ఎక్కడైనా తడబడితే నువ్వు అందించు. ఇంక కళ్ళు మూసుకో.

ఆముదం వదిలింది ఇంజనుకి,
అలసట వచ్చింది అమ్మమ్మకి,
కథేమో కంచికి,
కునుకేమో కంటికి.